వంతు వదిలింది ఎవరు?

మొగల్తూరు దగ్గర మా పిల్లకాలువకు బుల్లియ్యగారు లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, ఎవరి వంతు నీరు వారి చేలోకి వెళ్ళేలా చూడడం ఆయన పని. తలుపు ముట్టుకునే ముందు గోదారమ్మకు దణ్ణం పెట్టుకుంటారు. గట్టున పోతూ ఎవరి చేలో గేదె పడినా, దాన్ని తోలి గాని కదలరు.

ఈ దాళ్వా పంటలో కాలువ చివర, శివారున, వీరదుర్గ కౌలుచేను పొట్టమీదుంది; ఇప్పుడు నీరు తప్పితే గింజ పట్టదు. ఆ రోజు వంతు ఆమెదే. కాలువలో మాత్రం పాదం తడిసేంత నీరు లేదు. ఎగువన ఆదిత్యగారు చేపల చెరువుకు మోటారు పెట్టి తోడేస్తున్నారు.

ముందురోజే ఆయన నేను పాఠాలు చెప్పే మా హైస్కూల్లో ప్రసంగించారు. "నగరం నుంచి పుట్టిన మాట నాగరికత. దాని ఇంగ్లీషు మాట సివిలైజేషన్‌కు లాటిన్‌లో పౌరుడనే మాట మూలం. నలుగురూ కలిసి బతకడానికి ఒప్పుకున్న కట్టుబాటే నాగరికత" అన్నారు. వెనకబెంచీ మీదున్న బుల్లియ్యగారు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ నమ్మకంతోనే మోటారు దగ్గరికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను.

"అయ్యా, ఇయ్యాల శివారోళ్ళ వంతండి. నిన్న తమరు చెప్పిన కట్టుబాటు ఇదే కదండీ. మోటారు ఆపించండి."

"అది పిల్లలకి చెప్పేది బుల్లియ్యా! చెరువులో చేప తేలిపోతే మీ స్కూలోళ్ళొచ్చి బతికిస్తారేంటి? రేపు చూద్దాంలే."

"రేపు సుబ్బాయమ్మగారి వంతండి. దుర్గమ్మ చేను ఎండిపోద్దండి."

ఆయన ఫోను చెవిన పెట్టుకుని అటు తిరిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మోటారు ఆపించే అధికారం బుల్లియ్యగారికి లేదు. పై అధికారులకు ఫోను చేస్తే "చూస్తాం" అన్నారు. ఎవరూ రాలేదు.

సంగతి విని సుబ్బాయమ్మగారు గట్టు మీదకు వచ్చారు.

"రేపు నా తూము ఎత్తకు బుల్లియ్యా. దుర్గకి వదిలెయ్."

"మరి మీ చేనో అమ్మగారూ?"

"నాది ఈనేసిందిలే, కంకులొచ్చేశాయి. దానిది పొట్టమీదుంది కదా. ఓ వంతు నేను ఓర్చుకుంటాను."

మర్నాడు చెరువు నిండాక మోటారు ఆగింది. నీరు శివారుకు చేరింది. వీరదుర్గ చేను నిలబడింది. ఆమె చేతులు జోడించింది, కానీ సుబ్బాయమ్మగారి చేలో నేల నెర్రెలు విచ్చింది. చెరువు నింపుకున్నాయన మాత్రం తన వాటాలో ఒక్క చుక్కా వదల్లేదు. వంతు వదిలిన ఆ తల్లిని స్వామి చల్లగా చూడాలి. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మొన్న స్కూల్లో ఆదిత్యగారి ప్రసంగం మళ్ళీ పెట్టారు. బుల్లియ్యగారిని పిలవడానికి వెళ్ళాను.

"మీరెళ్ళండి. సుబ్బాయమ్మగారి వంతు ఇయ్యాల. తూము దగ్గర నేనుండాలి" అని కర్ర తీసుకున్నారు.

నేనూ తూము దగ్గరికే వెళ్ళాను.