D డ్రైవ్ లేని కంప్యూటర్

వారమంతా మా ద్వీపంలో, జంగ్లీఘాట్ పేటలో ఆటో నడుపుతాను. ఆదివారం మాత్రం మా తెలుగు చర్చిలో తెరమీదకు పాటలు ఎక్కిస్తాను. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడికి ఇంతకన్నా పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు? ఇక్కడి బళ్లలో హిందీయే కాబట్టి మా కుర్రకారుకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకని ఓపిగ్గా కూర్చుని పాటలన్నీ హిందీ అక్షరాల్లో టైపు చేశాను. అవి తెరమీద కనబడకపోతే వెనక బెంచీలు నోరు విప్పవు.

ఆ శనివారం మధ్యాహ్నం వెళ్లి చూస్తే కంప్యూటర్ మొహమే మారిపోయింది. మరీ నత్తనడక నడుస్తోందని పాస్టరుగారి కోడలు అందులో పాత సిస్టమ్ తీసేసి లినక్స్ అనే కొత్తది వేసింది. నా పాటలు ముందే వేరే డిస్కులోకి తీసి, దాన్ని పక్కనే తగిలించి ఉంచిందట. మర్నాటి ఆరాధనలో పాటలన్నీ కుర్రకారే పాడాలి.

నాకు తెలిసిన లోకంలో పాటలు D లో ఉంటాయి. ఇక్కడ C లేదు, D లేదు, అన్నిటికీ పైన ఒక వాలుగీత (/) ఉంది. లేకపోతే నేనే పెట్టుకుంటానని ఆ గీత కింద D పేరుతో ఫోల్డర్ చేయబోయాను. అనుమతి లేదంది. పాసు లేనివాణ్ణి జెట్టీ గేటు దగ్గర ఆపినట్టు ఆపేసింది.

ఇంతలో కోడలే వచ్చింది.

"ఏటి చేస్తన్నావు భయ్యా?"

"D కడుతున్నా దీదీ. పాటలొచ్చి కూర్చోడానికి."

"అరే, ఖాళీ గది కడితే పాటలెక్కణ్ణించి వస్తాయి? దిమాగ్ ఎక్కడ పెట్టేసావు?"

"D లోనే పెట్టాను. అందుకే దొరకట్లేదు."

ఆమె నవ్వాపుకుని కుర్చీ లాక్కుంది.

"చెన్నై ఓడ వస్తే ఎక్కడ కడతారు?"

"జెట్టీలో."

"దానికో కొత్త ద్వీపం పేరు పెడతారా?"

"ఎందుకు పెడతారు? తాళ్లు కట్టి, మెట్లు వేస్తారు. ఎక్కేయడమే."

"ఇదీ అంతే. ఏ డిస్కొచ్చినా మెషీన్ దాన్ని ఈ గీత కిందే ఒక చోట కడతాది. ఆ చోటు పేరు మీడియా. నీ సొంత సామాన్లకి హోమ్‌లో నీ పేరుతో ఓ గది ఉంది. మిగతావన్నీ మెషీన్ సామాన్లు, వాటి జోలికెళ్లకు. చలో, నడువు."

నడిచాను. గీత కింద మీడియా, అందులో నా పేరు, దాని లోపల డిస్కు, డిస్కులో నా పాటలు. ఒక్కటీ పోలేదు. అన్నిటినీ హోమ్‌లో నా గదిలోకి దించుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు.

మర్నాడు మొదటి పాట తెరమీదకు ఎక్కగానే వెనక బెంచీలు గొంతెత్తాయి. రాగం మాత్రం ఎవరి దారి వాళ్లది. దానికి లినక్స్‌లో కూడా మందు లేదట, కోడల్ని అడిగాను.