జీపులో వచ్చిన తెల్లమద్ది

ఆ రోజుల్లో మా ఇంట్లో గుండె అనే మాట ఎవరూ పైకి అనేవాళ్లం కాదు. నాయనకు ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాసు అనేవాడు. మేడ ఎక్కి ఆయాసపడితే మెట్లు జాస్తి ఎత్తుగా కట్టినారనేవాడు. తిరుపతిలో చిన్న పిండిమర ఆయనది. ఎంత బరువు మూటనైనా భుజాన వేసుకునే మనిషి, డాక్టరు గుండె పరీక్ష రాసిచ్చి "ఆలస్యం చేయొద్దు" అన్నప్పటినుంచీ ఆ ఊసెత్తగానే మర ఆన్ చేసేవాడు, మా మాట మాకే వినబడకుండా. (ఆ చప్పుడులో అమ్మ మాటలు ఎన్ని పిండైపోయాయో లెక్కలేదు.) చివరికి నేను నిలదీస్తే ఒక మెలిక పెట్టాడు. "మీ అత్త తెల్లమద్ది చెక్క తెస్తానన్నింది గదా. అది తాగినాకే ఆస్పత్రికి వస్తా." గుండెకు మంచిదని పల్లెల్లో పాలల్లో కాచి తాగే చెట్టు బెరడు అది. అత్త అంటే నాయనకు అక్క, చంద్రగిరి అవతల పల్లెలో ఉండేది. ఇల్లూ గొడ్లూ వదిలి ఆమె ఇప్పట్లో రాదని ఆయన ధీమా.

నేనూ ఆయన కూతుర్నే కదా. డాక్టరునడిగితే, మద్దిచెక్క పాలు తాగితే తాగనీ, మాత్రలూ పరీక్షా మాత్రం మానకూడదన్నాడు. మధ్యాహ్నానికి పరీక్ష ఖాయం చేసుకుని, ఆ పొద్దున్నే అత్త కోసం బస్సెక్కాను. బట్టల షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. మెడలో కార్డు సెలవురోజు కూడా తీసేదాన్ని కాదు, లోకానికి తెలియకుండా పోతుందేమోనని. అత్త పొలం గట్టున, పారే వంక పక్కన ఉన్న మద్దిచెట్టు నుంచి చెక్క ఒలిచి, ఎండబెట్టి, బియ్యం సంచి నిండా కుక్కిపెట్టింది. "ఇంతెందుకత్తా?" అంటే, "గుండె ఒక్కనాటిదా మ్మే?" అంది.

గొడ్లను పక్కింటివాళ్లకు అప్పజెప్పి తనూ నాతో బస్సెక్కింది. తిరుగు ప్రయాణంలో అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. మా కొండల్లో ఎర్రచందనం ఉన్నన్నాళ్లూ ఆ దారిన పోయే సంచులకు విప్పించుకోక తప్పదు. గార్డు మా సంచిలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీశాడు. పైన బూడిదరంగు, లోపల ఎరుపు. దాని మీద సీసాలో నీళ్లు పోశాడు. నీళ్లు ఎర్రబడ్డాయి.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"మా తమ్ముడి గుండె నాయనా," అంది అత్త.

గార్డు ముక్క వదిలేసి ఒకడుగు వెనక్కి వేశాడు. సరిగ్గా అప్పుడు నా తెలివి పనిచేసి మెడలో కార్డు తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "బట్టల షాపులో పనిజేసే పాపకు సంచెడు చెక్కతో ఏం పని?" అన్నాడు. బస్సులో సగం మంది అది మద్దేనన్నారు, మిగతా సగం నా ముఖం చూస్తే అనుమానంగానే ఉందన్నారు. మమ్మల్ని సంచితో సహా దించి బస్సు వెళ్లిపోయింది. పరీక్ష వేళ దాటిపోతుందని నాకు ఏడుపొచ్చేసింది. నాయన ఈసారి తప్పించుకుంటే ఆయన్ను కదిలించడం ఎవరి తరమూ కాదు.

అత్త మాత్రం ఏడవలేదు. "తాగి సూస్తే తెలుస్తాది," అని పక్కనున్న టీ అంగడికి నడిచి, పాలూ నీళ్లూ పొయ్యిమీద పెట్టించి, ముక్కలు నలగ్గొట్టి అందులో వేసి, నీళ్లన్నీ ఇగిరేదాకా అంగడాయన చేతికి గరిటె ఇవ్వకుండా నిలబడింది. పాలు టీ రంగుకొచ్చాయి. చెక్‌పోస్టు పెద్దాయన వచ్చి, "ముందు నువ్వు తాగమ్మా," అన్నాడు. అత్త తాగింది. తర్వాత ఆయన ఒక గుక్క తాగి, వగరుకు ముఖమంతా ముడుచుకున్నాడు. "మా అవ్వ ఇచ్చేది ఇదే. ముక్కు మూసి పోసేది," అన్నాడు. నా కళ్లు చూసి సంగతి అడిగి, "జీపు తిరపతికే పోతాండాది. ఎక్కండి," అన్నాడు. మిగిలిన పాలు అత్త సీసాలో పోయించుకుంది.

మా వీధిలో జీపు ఆగిన దృశ్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు యూనిఫారాలు, వెనక సంచి పట్టుకుని అత్త, వాచిన కళ్లతో, మెడలో కార్డుతో నేను. వీధి వీధంతా గడపల్లోకి వచ్చింది. కనుబొమ్మల దాకా పిండి పట్టిన నాయన బయటికొచ్చి, మమ్మల్ని చూసి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏం జేసినారు అక్కా మీరు?"

అత్త తాపీగా సంగతంతా చెప్పి, సీసా చేతిలో పెట్టి, గట్టిగా అంది. "అడివి జీపులో అక్కనూ కూతుర్నీ సూసినా నీ గుండె ఆగలా. ఇంక ఆస్పత్రి మిషనుకు భయపడేదేముండాది? తాగి, లెయ్."

నాయన తాగాడు. సీసా మూత పెడుతూ, ఎన్నడూ లేనిది నిజం చెప్పాడు. "భయమేసిందక్కా. ఏం సెప్తారో అని." అత్త కొంగుతో ఆయన ముఖాన పిండి తుడిచింది. "ఎక్కండి సార్, ఆస్పత్రి కాడ దించుతాం," అన్నాడు గార్డు. మా నాయన గుండె పరీక్షకు అలా అడవి జీపులో, పిండి చొక్కాతో వెళ్లాడు. సమయానికి తెచ్చారన్నాడు డాక్టరు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

నాయన ఈనాటికీ మాత్రలు మింగుతాడు, సాయంత్రం మద్దిపాలు తాగుతాడు. ఆయన్ను కాపాడింది చెక్కేనంటుంది అత్త, మాత్రలంటుంది అమ్మ. నా మటుకు నేను, అనుమానించిన ఆ గార్డుకూ కొంత వాటా వేస్తాను. అత్తకిప్పుడు మోకాళ్లు సహకరించవు, చెక్కకు నేనే వెళ్తున్నాను. నా తలలో నెరిసిన వెంట్రుకలు చూసి కాబోలు, చెక్‌పోస్టులో ఎవరూ నన్ను అనుమానించరు, చెయ్యి ఊపి పంపించేస్తారు. అయినా ఆ మలుపు రాగానే సంచి ఒళ్లో పెట్టుకుని, దాని మూతి కాస్త విప్పి ఉంచుతాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట సిద్ధంగా పెట్టుకుని: మా నాయన గుండె.