ముగ్గు లేని గడప

దయ్యం కథ ఎవరు మొదలుపెట్టినా "నువ్వు సూసినవా, ఎవరన్న చెప్పిన్రా?" అని మధ్యలోనే అడ్డం తగిలే మనిషిని నేను. మా ఆడపడుచులు నా ముందు అలాంటి ముచ్చట్లు ఎత్తడమే మానేశారు. కాలేజీలో చదివిన ఫిజిక్స్ ఎప్పుడో మర్చిపోయాను గానీ వాదించడం మర్చిపోలేదు. ఇప్పుడు ఇది రాయడానికి నాకే నామోషీగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది మన్సూరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. మేం రెండో అంతస్తు. నాలుగో అంతస్తులో సరళ అని, నా ఈడుదే, ఒక్కతే ఉండేది. వాళ్లది తెనాలి వైపు. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల నుంచి చీరలు తెచ్చుకుని ఇంట్లోనే ఫాల్స్ కుట్టేది.

మా బిల్డింగులో అందరి గడపల ముందూ స్టిక్కర్ ముగ్గులే. నాదీ అంతే, కొత్తపేటలో కొన్నది. సరళ ఒక్కతే రోజూ గడప కడిగి, చుక్కలు పెట్టి ముగ్గు వేసేది. దాన్ని ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేది. గుమ్మం లోపల నిలబడి తీసేది కాబట్టి ఫొటో అడుగున ఆమె కాలివేళ్లు కనిపించేవి. అందరం బొటనవేలి గుర్తు కొట్టేవాళ్లం. కొందరు దండాలు, కొందరు పూలు. సెక్రటరీది రోజూ ఒకటే మాట, "సూపర్ మేడమ్".

ఆమెకు కావలసింది అది కాదు. లిఫ్టులో కలిసినా, కూరగాయల బండి దగ్గర కలిసినా ఒకటే అడిగేది.

"ఒక్కసారి పైకొచ్చి చూడండి అక్కయ్యా. ఫొటోలో మెలికలు సరిగ్గా తెలియవు. కాసిని కాఫీ తాగి వెళ్దురుగాని."

"పొద్దుగాల్నే ఫోన్ల సూసిన గద సరళా. మల్ల మీదికెక్కి సూసుడెందుకు? టికెట్ పెట్టినవా ఏంది?"

"మీరొస్తానంటే ఎదురు నేనే ఇస్తానండీ" అని నవ్వేది. మర్నాడు మళ్లీ ఫొటో పెట్టేది.

ఆమె ఇంట్లో కూర్చుని కాఫీ తాగినవాళ్లు ఎవరని తర్వాత బిల్డింగంతా అడిగి చూశాను. ఒక్కరూ తేలలేదు.

శ్రావణం వెళ్లాక ఒక పొద్దున, ఎప్పటి వేళకే ఫొటో వచ్చింది. బియ్యం కడుగుతూ, సరిగ్గా చూడకుండానే నేనూ బొటనవేలు కొట్టాను. సెక్రటరీ "సూపర్ మేడమ్" అన్నాడు. కింది ఫ్లాట్ ఆవిడ "ఈ రోజు డిజైన్ చాలా బాగుంది" అని కూడా రాసింది. కుక్కర్ పెట్టి, చేతులు తుడుచుకుని మళ్లీ ఫోన్ చూశాను.

ఫొటోలో ముగ్గు లేదు. కడిగిన గడప, తడి బండలు, మూసిన తలుపు. తలుపు పక్క బుట్టలో పచ్చ పాల ప్యాకెట్. అంతే.

కడిగి ముగ్గు వేయకుండా వదిలేసిన గడప అంటే ఏమిటో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో మనిషి పోతేనే అలా వదిలేస్తారు. ఆ ఇంట్లో ఉన్నదే ఒక్క మనిషి.

గ్రూపులో "ముగ్గేది?" అని రాశాను. "ఫొటో పూర్తిగా డౌన్‌లోడ్ కాలేదేమో, మళ్లీ చూడండి మేడమ్" అని సెక్రటరీ జవాబు. ఆయనతో తగువు తర్వాత పెట్టుకోవచ్చని పైకెక్కాను.

బండలు ఇంకా తడిగానే ఉన్నాయి. పాల ప్యాకెట్ ఫొటోలో ఉన్నట్టే ఉంది. బెల్ కొట్టాను, పిలిచాను. ఫోన్ చేస్తే లోపల మోగింది. చివరికి మా ఆయన, సెక్రటరీ కలిసి తలుపు పగలగొట్టారు. లోపలి గడియ వేసే ఉంది.

సరళ చాప మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒళ్లో సగం కుట్టిన చీర, దానికి గుచ్చిన సూది. ఫోన్ దూరంగా టీవీ పక్కన చార్జింగ్‌లో ఉంది. డాక్టర్ వచ్చి చూసి, గుండె ఆగి ఉంటుంది, రాత్రే పోయింది అన్నాడు. ఫొటో మాత్రం ఆ ఫోన్‌లోంచే, పొద్దున వెళ్లింది. మా బిల్డింగు కెమెరా ఉన్నది గేటు దగ్గరే, అందులో కొత్త మనిషి ఎవరూ లేరు.

మా మరిది కొడుకు కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. "నెట్‌వర్క్ లేటయ్యుంటది పెద్దమ్మా, నిన్నటి ఫొటో అయ్యుంటది" అన్నాడు.

"నిన్నటిదైతే అండ్ల పచ్చ ప్యాకెట్ ఎట్లొచ్చింది బిడ్డా? రోజూ ఏసేది నీలం. దొరకలేదని పాలాయన ఇయ్యాల ఒక్కనాడే అందరికి పచ్చది ఏసిండు."

వాడు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు.

సాయంత్రానికి ఆ ఫొటో కింద బొటనవేళ్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. "సూపర్ మేడమ్" పోయింది. "డిజైన్ చాలా బాగుంది" పోయింది. దాని కింద వరసగా ఓం శాంతులు, వాటికి దండాలు. నా బొటనవేలు నేను తీయలేదు. ఉండనీ అనుకున్నాను.

చాలా రోజుల తర్వాత గాని నాకు ఇంకొకటి తట్టలేదు. ఆ ఫొటోలో కాలివేళ్లు లేవు. సరళ ఫొటోలన్నీ గుమ్మం లోపలి నుంచి తీసినవి. ఇది బయటి నుంచి, మూసిన తలుపుకు ఎదురుగా నిలబడి తీసింది. బెల్ కొట్టి, తలుపు తీస్తారని చూసే మనిషి నిలబడే చోటది.

ఆ పొద్దున అక్కడ ఎవరు నిలబడ్డారో, నాతో నేనే ఎంత వాదించుకున్నా తేలలేదు. మేమెవరం కాదన్నది మాత్రం ఖాయం.