చచ్చినవాళ్ళ పట్టీలో మా నాన్న

ముప్ఫై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పాను. పనామా కాలువ పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఏ అధ్యక్షుడు పట్టుబట్టాడో, ఏ ఇంజనీరు గీత గీశాడో, ఏ డాక్టరు దోమల్ని తరిమాడో అన్నీ పేర్లతో సహా ఉండేవి. తెల్ల సూటు వేసుకున్న అధ్యక్షుడు ఆవిరితో నడిచే తవ్వుడు యంత్రం మీద కూర్చుని దిగిన ఫోటో కూడా ఉండేది. కొండను తవ్వినవాళ్ళకి మాత్రం ఒకే ఒక్క వాక్యం. కూలీలను దీవుల నుంచి రప్పించారట. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? ఆ వాక్యంలో ఎక్కడో మా నాన్న ఉన్నాడు.

నా పేరు ఐరిస్ వీక్స్. మా నాన్న ఇంటిపేరు హోల్డర్. అప్పుడే మొహాలు అలా పెట్టకండి, మా అమ్మ నిప్పు. జరిగింది వేరు.

నాన్న అసలు పేరు కాలెబ్ హోల్డర్. పంతొమ్మిదేళ్ళ వయసులో బార్బడోస్ దీవి నుంచి ఓడ డెక్కు మీద నిలబడి పనామా వచ్చాడు. పక్కన నిలబడ్డవాడు సైరస్ వీక్స్. ఇద్దరిదీ అక్కడి సెయింట్ ఫిలిప్ ప్రాంతం, ఇద్దరూ ఒకే చెరుకుతోటలో పెరిగారు. నాన్నకి వెనకా ముందూ ఎవరూ లేరు. సైరస్‌కి తల్లి ఉంది. వాడికి చదువు రాదు గనక తల్లికి ఉత్తరాలు నాన్నే రాసిపెట్టేవాడు.

దిగిన రోజే ఒక్కొక్కడి మెడలో నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ వేశారు. ఆ తరవాత నంబరే మనిషి. పొద్దున్నే హాజరు గుమాస్తా బిళ్ళ చూసి రాసుకునేవాడు తప్ప తల ఎత్తి మొహం చూసేవాడు కాదు. చూసినా ఏం లాభం, తెల్లవాళ్ళ కళ్ళకి మా నల్లవాళ్ళందరూ ఒక్కలాగే ఉంటారు కదా! అందుకే ఒంట్లో బాగోనప్పుడు మావాళ్ళు బిళ్ళలు మార్చుకునేవాళ్ళు. దొరికితే జైలు. అయినా మార్చుకోనివాడు లేడు.

పంతొమ్మిది వందల తొమ్మిది డిసెంబరులో నాన్నకి చలిజ్వరం తగిలింది. ఆయన పని కులెబ్రా కొండలో తొలిచిన కన్నాల్లో డైనమైట్ దట్టించడం. ఆ పొద్దున జరిగిన మాటలు నాన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"ఒరేయ్ కాలెబ్, నీ చేతులు చూస్కున్నావా? తాగుబోతోడి చేతుల్లా ఎలా వణుకుతున్నాయో! ఈ చేతుల్తో మందు దట్టిస్తే నువ్వు పోయేదే కాక పదిమందిని ఎంటబెట్టుకు పోతావ్" అన్నాడట సైరస్.

"పనికి పోకపోతే మేస్త్రీ దొర ఎళ్ళగొడతాడ్రా."

"నీ బిళ్ళ ఇటు తే. నాది ఏస్కో. ఇయ్యాళ నా పని పట్టాల మీద మట్టి తియ్యడమే. ముసల్ది కూడా చేస్తది."

"మందు దట్టించడం నీకేం తెల్సురా?"

"ఏం, దానికి జోలపాడాలా ఏంటి? కన్నంలో పెట్టడమేగా! తే."

మధ్యాహ్నం పని ఆపే కూత కుయ్యకముందే ఆ కొండచరియలో దట్టించిన మందు తనంతట తాను పేలింది. సాయంత్రానికి బిళ్ళ దొరికింది. మనిషి దొరకలేదు. గుమాస్తా బిళ్ళ మీద నంబరు చూసి, కాలెబ్ హోల్డర్ మృతి అని రాసేశాడు.

తెల్లారి వెళ్ళి నిజం చెప్పేద్దామనే అనుకున్నాడట నాన్న. కాని అదే వారం సైరస్ తల్లి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఊరి పాస్టరు చేత రాయించింది. "నాయనా, నీ ఉత్తరం అందిన రోజే నాకు ముద్ద దిగుతుంది" అని ఉంది అందులో.

"నేను పోయానంటే ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరమ్మా. వాడు పోయాడంటే ఆ తల్లి బతకదు. సరే, పోయింది నేనే అనుకున్నా" అని నాతో అన్నాడు. జవాబు రాశాడు. ఎప్పుడూ రాసిన చేతిరాతే గనక ఆమెకి అనుమానం రాలేదు. అలా ముప్ఫై ఏళ్ళు రాస్తూనే ఉన్నాడు. సైరస్ వీక్స్ పేరు మీదే పనిచేశాడు, ఆ పేరుతోనే మా అమ్మ అడీనాని చేసుకున్నాడు. అమ్మ వంటింట్లో సంకటి కలుపుతూ కాలెబ్ అని పిలిచేది, గడప దాటితే సైరస్ అనేది.

కాలువ తెరిచి పాతికేళ్ళయిన ఏడు, బార్బడోస్ పాస్టరు నుంచి కబురొచ్చింది. సైరస్ తల్లి పోయింది. తొంభై ఏళ్ళు బతికి, పనామాలో ఉన్న కొడుకుని దీవించి మరీ పోయిందట. నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు.

అప్పటికి నాన్న లాకుల దగ్గర ఊడ్చే పని చేస్తున్నాడు. ఉత్సవాలకి అక్కడ ఒక పలక పెడతారని, తవ్వకంలో చనిపోయినవాళ్ళ పేర్లు అందరి ముందూ చదువుతారని, ఆ పేర్ల పట్టీతో సహా కాగితం అంటించారు. నాన్న చీపురు పక్కన పెట్టి ఆ పట్టీ మొత్తం చదివాడు. తన పేరు ఉంది. ఇంటికొచ్చి నన్ను కూర్చోబెట్టాడు.

"ఐరిస్, నువ్వు చదువుకున్నదానివి. మంచి ఇంగ్లీషులో ఒక అర్జీ రాయి. నన్ను చంపుకుంటే చంపుకున్నారు, మరి వాడేడి? చచ్చినవాడి పేరు చచ్చినవాళ్ళలోనన్నా ఉండొద్దా?"

అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "ఏవయ్యా, మతి గాని పోయిందా? కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా? ఈ ఇల్లు కాలువ ఆఫీసువాళ్ళు వీక్స్ పేరు మీద ఇచ్చారు. వీక్స్ చచ్చాడని నువ్వే రాసిస్తే రేపు మనం ఎక్కడ తల దాచుకోవాలి?"

"ముప్ఫై ఏళ్ళు వాడి పేరు పెట్టుకు తిన్నాను అడీనా. వాళ్ళమ్మ కూడా పోయింది. ఇంకెవరి కోసం దాచమంటావ్?"

"నేనింకా చావలేదుగా, నా కోసం దాచు!"

నేను నాన్న వైపే నిలబడ్డాను. రాశాను. నాన్న కింద కాలెబ్ హోల్డర్ అని సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం తీరిగ్గా దిద్దుతూ పెట్టి, చంటిపిల్లాడిలా నవ్వాడు. నిజం రాసి పంపితే న్యాయం జరుగుతుందనుకున్నాను. నా మొహం! పిల్లలకి చరిత్ర చెప్పేదాన్ని, నాకే తెలియకపోతే ఎలా?

పన్నెండో రోజు ఆఫీసు నుంచి జవాబొచ్చింది. కాలెబ్ హోల్డర్ చనిపోయినట్టు రికార్డులో ఉంది గనక, అతని సంతకంతో వచ్చిన అర్జీని పరిశీలించడం కుదరదట. అదే అర్జీ ప్రకారం సైరస్ వీక్స్ చనిపోయాడు గనక, అతనికిచ్చిన పని, ఇల్లు రద్దట. పేరు కోసం అడిగితే చెల్లని కాగితం, ఇల్లు లాక్కోవడానికి చెల్లింది! నా ఉద్యోగం జోలికి రాలేదు, చచ్చినవాడి కూతురు పాఠం చెప్పకూడదని రూల్లో లేదు కాబోలు.

అమ్మ పొయ్యి మీద కుండ దించి, సామాను మూట కట్టడం మొదలుపెట్టింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

పట్నంలో కలిడోనియా అనే పేటలో ఒక చెక్క గదిలోకి మారాం. మూడో రోజే ఉత్సవం. ముందు వరసల్లో తెల్లవాళ్ళకి కుర్చీలు, తాడు వెనక మాకు ఎండ. నాన్న పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. ఒక అధికారి పట్టీ చదివాడు. కాలెబ్ హోల్డర్ అనగానే ముందు వరస దొరసాని ఒకావిడ కళ్ళొత్తుకుంది. చచ్చినవాడి కళ్ళు చారెడు మరి! బతికుండగా ఆ కాలెబ్ హోల్డర్ వాళ్ళ కుళాయి దగ్గరికి వెళ్తే తరిమేవాళ్ళు.

నాన్న టోపీ తీసి, గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. వీక్స్ రావాల్సిన చివరి అక్షరాల పేర్లు వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పట్టీ అయిపోయింది. బ్యాండు ఎత్తుకున్నారు.

"సైరస్ వీక్స్!" నాన్న ఒక్కసారిగా అరిచాడు. "సెయింట్ ఫిలిప్ వాడు! ఆ పేరు కూడా చదవండి సార్! వాడే పోయింది, నేను కాదు!"

జనం నవ్వారు. పోలీసు వచ్చి భుజం పట్టుకున్నాడు. "ఏయ్ ముసలాయనా, ఏంటి నీ గోల? అసలెవరు నువ్వు?"

నాన్న నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. చెప్పడానికి ఏ పేరూ మిగల్లేదు ఆయనకి.

"ఎవణ్ణీ కాను సార్" అన్నాడు.

ఆ తరవాత రెండేళ్ళే బతికాడు. దగ్గి దగ్గి, ఆ చెక్క గదిలోనే పోయాడు. శ్మశానం గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి పేరు అడిగాడు. నాలో ఇన్నాళ్ళ ఉక్రోషమంతా ఒక్కసారిగా లేచింది.

"కాలెబ్ హోల్డర్. పెద్ద అక్షరాలతో రాయండి" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "నువ్వుండవే. ఆయన ఏం అడిగాడో మర్చిపోయావా? కాలెబ్ హోల్డర్ పోయాడని వాళ్ళు ఎప్పుడో రాసుకున్నారు. ఆ రెండోవాడు పోయాడని ఒక్కచోటన్నా రాయించాలనే కదే ఇల్లూ వాకిలీ పోగొట్టుకుంది." గుమాస్తా వైపు తిరిగింది. "సైరస్ వీక్స్. రాయి బాబూ. పోయాడని రాయి."

గుమాస్తా తల ఎత్తకుండానే రాసుకున్నాడు.