రెండోసారి వేసిన ఉప్పు

ఒక చిప్పెడు ఉప్పు నా మీద నలభై తొమ్మిదేళ్ళుగా ఉంది. దించుకోడానికి చోటు దొరకలేదు. ఇంట్లోవాళ్ళకి చెబితే నవ్వుతారు, ఉప్పుకి ఇంత రాద్ధాంతమా అని. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు.

నాకు లెక్క తప్పితే నిద్ర పట్టదు. గ్యాస్ బండ ఏ తారీఖున మార్చామో, కందిపప్పు ఎన్నాళ్ళు వచ్చిందో అడిగితే ఇప్పటికీ చెప్పగలను. ఇంకో గుణం కూడా ఉంది, ఆరా. సాయంత్రం అయితే వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అటు పోయే ఆడవాళ్ళని ఒకటే అడుగుతాను, రాత్రికి ఏం వండుతున్నారని. ఎదురింటావిడ గోధుమరవ్వ ఉప్మా అంటుంది. ఆవిడ భర్తకి షుగరు, అన్నం మాన్పించారు. పక్కింటి కోడలు చపాతీల్లోకి పన్నీరు అంటుంది. మేడమీద అద్దెకున్న బ్యాంకు అమ్మాయి రోజూ కోడిగుడ్డు పొరటే. పొద్దుటి పప్పే వేడిచేస్తున్నామని చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. నాకు అవన్నీ వినాలని ఉంటుంది. ఒక్కో పొయ్యి మీద ఒక్కో మనిషి బుద్ధి ఉడుకుతున్నట్టు ఉంటుంది.

నేను అడిగే రెండో ప్రశ్న వేరు. ఉప్పు ఎలా చూస్తారు? దీనికి మాత్రం అందరిదీ ఒకటే జవాబు. అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూస్తాం, ఇంకెలా చూస్తాం, అంటారు. మా కోడలు నా అరచేతిలో కూడా వేస్తుంది. ఆ చుక్క నాలిక మీద పడ్డ ప్రతిసారీ నాకు రత్నం గుర్తొస్తుంది.

రత్నం నా తోటికోడలు. నా మరిది భార్య.

మా అత్తగారింట్లో వండే మనిషి రుచి చూడకూడదు. చూస్తే ఆ గిన్నె ఎంగిలి. ముందు దేవుడికి, తరవాత మగవాళ్ళకి, ఆ తరవాతే మా నోటికి. ఉప్పు చేతికి తెలియాలి, లేకపోతే ముక్కుకి తెలియాలి అనేవారు అత్తగారు. నాకు రెండింటికీ తెలిసేది కాదు. అందుకని ఒక చిన్న కొబ్బరిచిప్ప గీకి నున్నగా చేసుకున్నాను. ఆరుగురికీ పులుసులోకి అంచుకి సమానంగా ఒక చిప్పెడు కల్లుప్పు. నా వంట ఏనాడూ తప్పలేదు. ఏనాడూ ఎవరూ మెచ్చుకోనూ లేదు.

రత్నం దేవరాపల్లి నుంచి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. కబుర్లు చెబుతూ వండేది. పులుసు పొంగే వేళకి ఒకసారి వంగి వాసన చూసి, జాడీలో చెయ్యి పెట్టి, ఎటో చూస్తూ గుప్పిట తెరిచేసేది. అంతే. మామగారిది బెల్లం వ్యాపారం. రోజంతా దిమ్మలు గీరి నోట్లో వేసుకునే మనిషి రాత్రికి మళ్ళీ బెల్లం పులుసే కావాలనేవారు. ఉల్లిపాయలూ బెండకాయలూ వేసి, చింతపండు రసం పోసి, ఇంత బెల్లం ముక్క పడేసి, చివర బియ్యప్పిండి నీళ్ళు పోసిన పులుసు. నేను చేస్తే తినేవారు. రత్నం చేస్తే మారు వడ్డించుకునేవారు.

నాకది అంతుపట్టేది కాదు. ఒకరోజు దాని గుప్పిట్లో ఉప్పు నా చిప్పలో వేయించుకుని చూశాను. చిప్పకి తక్కువ. మర్నాడు మళ్ళీ వేయించాను. చిప్ప నిండి పొర్లింది. రెండు రాత్రులూ పులుసు కుదిరింది. "బెల్లాన్ని బట్టి మారతాది అక్కా" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు. ఆ బెల్లం మా కొట్లోదే. నేను కాపరానికి వచ్చి అప్పటికి ఏడేళ్ళు. నాకెందుకు తెలియలేదు?

తరవాత మామగారు ఒక మాట అన్నారు, ఇక మీదట రాత్రి వంట చిన్నకోడలిదని. నాకు పొద్దుటి వంట మిగిలింది. అంటే కొట్టుకి వెళ్ళే తొందరలో ఎవరూ కుదురుగా కూర్చుని తినని వంట.

అలా అన్న నాలుగో రోజు, శుక్రవారం. రత్నం పులుసులో ఉప్పు వేసి, పెరట్లో తులసమ్మకి దీపం పెట్టడానికి వెళ్ళింది. నేను వంటింటి గుమ్మంలో మర్నాటి బియ్యం ఏరుతున్నాను. లేచాను. జాడీ మూత తీశాను. ఒక చిప్పెడు ఉప్పు కొలిచాను. ఆ కంగారులో కూడా వేలితో అంచు చదును చేశాను, అదీ నా బుద్ధి. పులుసులో వేసి, గరిటెతో కలిపి, మళ్ళీ వచ్చి చేట ముందు కూర్చున్నాను.

ఎందుకు వేశాను? దీనికి నిజంగా ముక్కుతో తెలుస్తుందా అని చూడ్డానికి. పెరట్లోంచి వచ్చి, వంగి వాసన చూసి, ఉప్పెక్కువైందక్కా అంటుందా? అని ఉంటే దాని విద్యకి దణ్ణం పెట్టేదాన్ని. ఇది నిజమేనా అని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో లెక్క లేదు, నా దగ్గర లెక్క లేనిది అదొక్కటే. అది నిజమే. కానీ అదే మొత్తం నిజమైతే, రత్నం వాసన చూడకుండా గిన్నె దించినప్పుడు నేనెందుకు ఆపలేదు? ఒక్క మాట చాలు. ఆగవే రత్నం. నోటిదాకా వచ్చి ఆగింది. తల వంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకున్నాను. గిన్నె దించే దాకా ఆరా. దించాక ద్రోహం. ఆ గీత ఎక్కడ ఉందో నాకు బాగా తెలుసు.

ముందు దేవుడికి పెట్టారు. ఆయన ఏమీ అనలేదు. మామగారు ఒక ముద్ద తిన్నారు. మింగి, విస్తరిలో నీళ్ళు వొంపి, లేచిపోయారు. అత్తగారు వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఏటే రత్నం, మీ దేవరాపల్లికి సముద్రం ఎప్పుడొచ్చినాదే? మాకు సెప్పనేదు?"

అన్నదమ్ములిద్దరూ పకాలుమన్నారు. నేనూ నవ్వాను. అది కూడా చెప్పాలి. రత్నం నవ్వలేదు, ఏడవలేదు. కుడిచెయ్యి దీపం దగ్గర పెట్టుకుని అరచేతిలోకి చూసుకుంది.

మర్నాడు రాత్రి పులుసు మరుగుతుండగా పిలిచింది. "అక్కా, ఉప్పు నువ్వెయ్యవా?"

వేశాను. ఆ రోజు నుంచి రత్నం ఏ గిన్నెలోనూ ఉప్పు వెయ్యలేదు. వేర్లు పడి పక్కపక్క వాటాల్లో ఉన్నప్పుడు గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేది, నేను ఇటు నుంచి వేసేదాన్ని. దాని కూతురు పెద్దదయ్యాక ఆ పిల్ల వేసేది. చుట్టుపక్కలవాళ్ళు ఏదో మొక్కు అనుకున్నారు. మామగారు బతికున్నన్నాళ్ళూ పులుసు బాగుందంటే, ఉప్పు మా పెద్దకోడలిది అనేవారు. ఆ మెప్పు నాకు రుచిగానే ఉండేది. అత్తగారు చనిపోయిన ఏడాది చెబుదామనుకున్నాను. మామగారు పోయాక అనుకున్నాను. చెబితే గోడ దగ్గరికి ఇక రాదేమో అనిపించేది. పాపం చేసినదాన్నే నమ్మి గిన్నె పట్టుకొస్తుంటే, నిజం చెప్పి ఆ గిన్నెని పోగొట్టుకోవడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు రత్నం సబ్బవరంలో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న గురువారం బస్సెక్కి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ముందు రోజు సాయంత్రం మేడమీద అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న వల్ల. మా అత్తగారింట్లో వండేవాళ్ళు రుచి చూడకూడదని చెబితే, ఎవరూ రుచి చూడకపోతే తప్పు ఎవరిదో మీకెలా తెలిసేదండీ, అంది. దాని పొరటు మాడుతుంటే పరిగెత్తింది.

రత్నం గ్యాస్ పొయ్యి మీద బెల్లం పులుసు పెట్టింది. నేను వచ్చానని. కూతురు ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఉప్పు డబ్బా తీసి నా వైపు జరిపింది.

"ఎయ్యక్కా. పిల్ల వచ్చేసరికి ఆలస్యమైపోతాది."

"నువ్వే వెయ్యి" అన్నాను. "నీ చెయ్యి తప్పలేదే. ఆ రోజు నువ్వు దీపం పెట్టడానికెళ్ళినప్పుడు నేను మళ్ళీ ఓ చిప్పెడు వేసేను."

ఏ రోజని అడగలేదు. గరిటె తిప్పుతూనే ఉంది. తిడుతుందా, ఏడుస్తుందా, పొమ్మంటుందా? మూడింటికీ సిద్ధపడి వెళ్ళాను. అది అడిగిన ప్రశ్నకి మాత్రం సిద్ధంగా లేను.

"అయితే అక్కా, నేనేసింది సరిపోయిందేటి?"

"ఏది?"

"నువ్వు మళ్ళీ ఎయ్యకముందు. నా ఉప్పు సరిపోయిందా, సాల్లేదా?"

"తెలీదే. నేను రుచి చూళ్ళేదు."

"ఎవులూ సూళ్ళేదన్నమాట."

"లేదు."

తల ఆడించింది. పొయ్యి కట్టేసింది. డబ్బా నా వైపు మళ్ళీ జరపలేదు, తన వైపు లాక్కోలేదు. ఇద్దరికీ అన్నం పెట్టి పులుసు పోసింది. ఉప్పు లేని బెల్లం పులుసు ఎలా ఉంటుందో మీరు ఎప్పుడైనా తిన్నారా? తీపి ఒక పక్క, పులుపు ఒక పక్క, రెండూ కలవవు. డబ్బా మా ఇద్దరి కంచాల మధ్యే ఉంది. ఇద్దరం మొత్తం తిన్నాం. తరవాత కూతురు వచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేటమ్మా, ఉప్పెయ్యలేదా?" అంది.

"కావాలంటే ఏసుకో" అంది రత్నం.

చివరి బస్సుకి వచ్చేశాను. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. బస్సులో మాత్రం, చెప్పకూడదుగానీ, హాయిగా నిద్ర పట్టింది. నా స్టాపు దాటిపోయి వెనక్కి నడవాల్సి వచ్చింది.

రోజూ సాయంత్రం ఫోను చేసి ఏం వండావని అడుగుతాను, పాత అలవాటే. నిన్న బీరకాయ పప్పు అంది. ఇదివరకు అరగంట మాట్లాడేది. నిన్న ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేసింది. ఆ పప్పులో ఉప్పు ఎవరు వేశారో అడగలేదు. కూతురు ఇంటికి వచ్చేది ఏడున్నరకి. నేను ఫోను చేసింది ఆరున్నరకి. పప్పు అప్పటికే దించేసినట్టు ఉంది, వెనక పోపు చప్పుడు వినిపించింది.