నల్లరంగు పూసిన బల్బులు

పోలీస్ యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్ళకు హైదరాబాదులో మా కాలేజీలో నోటీసు పెట్టారు, వచ్చే ఏటి నుంచి చదువంతా ఇంగ్లీషులోనేనని. ఇంజనీరింగ్ మొత్తం ఉర్దూలో బట్టీపట్టినవాణ్ణి. ఆఖరేడు తప్పానంటే అదంతా గంగపాలు, మళ్ళీ ఇంగ్లీషులో ఏడవాలి. బోయిగూడలో బడిపంతులైన మా నాన్న మాత్రం చర్చిలో కనబడ్డవాళ్ళందరికీ నేను పాసైపోయాననే చెప్పేశాడు.

రాతపరీక్షలో పెద్ద ప్రశ్నొకటి వదిలేశాను. కుదుపు తగిలిన, కరెంటు పుట్టించే మిషన్ మళ్ళీ ఎలా నిలదొక్కుకుంటుందో రాయమన్నారు. ఆ పాఠం నాకు ఏనాడూ తలకెక్కలేదు. ఇక ఆశంతా ప్రాక్టికల్ మీదే.

ప్రాక్టికల్‌కు మద్రాసు నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ఆయనకు ఉర్దూ రాదు, నాకు ఇంగ్లీషు రాదు, మధ్యలో మా లెక్చరర్ దుబాసీ. తిరుగుతున్న ఆ కరెంటు మిషన్‌ను ఊరి కరెంటు లైనుకు కలపాలి. రెంటికీ అడుగు కుదిరేదాకా మూడు బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. పూర్తిగా ఆరినప్పుడు స్విచ్ వెయ్యాలి. నేను కిటికీ వైపు నిలబడ్డాను, ఎగ్జామినర్ ఎదురువైపు. నాకు కనబడినంతలో బల్బులు అసలు వెలగనే లేదు. అంతా నా హస్తవాసి అనుకుని, ఛాతీ విరుచుకుని స్విచ్ వేశాను.

మిషన్ గాండ్రించింది. నేల అదిరింది. లెక్చరర్ బల్ల వెనక్కి దూకాడు. మండుతున్న బల్బుల ముందు స్విచ్ ఎందుకు వేశావని ఎగ్జామినర్ వాటివైపు వేలు చూపిస్తూ ఇంగ్లీషులో అడిగాడు. దుబాసీ ఇంకా బల్ల వెనకే ఉన్నాడు. భయంతో నాకు ఉర్దూ కూడా ఎగిరిపోయింది.

"నా దిక్కు ఆరే ఉన్నయి సార్," అన్నాను తెలుగులో.

ఆయన చుట్టూ తిరిగి వచ్చి చూశాడు. బల్బులకు ఇటువైపు సగం నల్లరంగు. యుద్ధం రోజుల్లో విమానాల భయానికి దీపాలన్నీ కప్పమంటే మా చప్రాసీ వీటినీ వదల్లేదు. రంగు చాలక కిటికీ వైపే పూశాడట. పూయమని హుకుం వచ్చింది గానీ తుడవమని రాలేదని వినయంగా మనవి చేసుకున్నాడు.

ఎగ్జామినర్ నా వైపు తిరిగి, "సరేలే బాబూ. దెబ్బ తిన్నాక మిషన్ ఏం చేసింది?" అన్నాడు. అచ్చమైన కోస్తా తెలుగు.

"జెర ముందుకు ఉరికింది సార్, మళ్ళ ఎనకకు గుంజుకున్నది. గట్ల ఊగి ఊగి కుదురుకున్నది."

"ఎందుకు కుదురుకుంది?"

"లైను దాన్ని పట్టుకున్నది. దెబ్బ ఇంకా పెద్దదైతే పట్టు జారిపోతుండె."

రాతపరీక్షలో వచ్చిన పెద్ద ప్రశ్నకు జవాబు ఇదేనన్నాడాయన. కరెంటు గురించి నాలుగేళ్ళలో నేను తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఎక్కని పాఠం నా నోటితో నేనే చెప్పుకుంటే ఎక్కింది. ఆయన పాస్ అని రాస్తుంటే ఎదురుగా నిలబడి ఏడ్చేశాను.