తలుపు మీద సుద్దగీత

డెబ్బైల చివర్లో పబ్లిక్ హెల్త్‌లో పీజీ చదువుతుంటి. పట్నంల కార్వాన్ గల్లీల్లో కామెర్లు ఎట్ల వ్యాపిస్తున్నయో తెలుసుకునుడు నా పరిశోధన. రోగమున్న ఇంట్ల నల్లా నీళ్లు సీసాలో పట్టుకొని, మళ్లొస్తే గుర్తుపట్టనీకి తలుపు మీద సుద్దతో ఇంటూ గుర్తు గీసేటోణ్ని.

ఆ వారం పట్నంల మతాల లొల్లి అయితుండె, ఇండ్లు తగలబెడుతుండిరి. ఒక తలుపు మీద గీస్తుంటే వెనకనుంచి ఎవరో కాలర్ పట్టి గుంజిండు. చూస్తే గల్లీ నిండా మంది.

"ఎవరి ఇండ్లకు నిషానీ పెడుతున్నవ్‌రా? తగలబెట్టనీకా?"

"కామెర్ల సర్వే, అన్నా..." అనేలోపే మూతి మీద గుద్దు పడ్డది. సీసాలు పగిలినయి. కింద పడేసి కాళ్లతో కుమ్మిన్రు. ఒకడు ఇటుకతో నెత్తి పగలగొట్టిండు. కండ్లల్లకు నెత్తురు కారింది.

ఆ ఇంటామె ఉరికొచ్చి నాకు అడ్డం నిలబడ్డది. "మా బిడ్డకు కామెర్లయితే నీళ్లు చూడనీకొచ్చిండు. సంపుతరా?"

మంది వెనక్కి తగ్గిన్రు. ఆమె కొంగుతో ముందుగాల తలుపు మీది సుద్ద తుడిచింది. ఆ తర్వాతనే అదే కొంగు నా నెత్తికి అదిమింది. అంత నొప్పిలోనూ నాకు మస్తు కోపమొచ్చింది.

ఈమధ్య జనాభా లెక్కలోళ్లు మా తలుపు మీద సుద్దతో నంబరు రాసిపోయిన్రు. లోపల నా బిడ్డ పండుకొని ఉన్నది. వాళ్లు మెట్లు దిగకముందే నేను ఆ నంబరు తుడిచేసిన.